మానిక మీది కుప్ప

మొన్న ఒక ఆదివారం పొద్దున స్వప్న వచ్చింది. ఒకప్పుడు నిజామాబాద్‌లో నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్న పిల్ల. వేల్పూర్‌లో మెట్టింది. ఇప్పుడు తమ చేలో పండిన పసుపునే పొడి పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్ముతోంది. ప్యాకెట్ మీద అంటించబోయే లేబుల్ నమూనా చేతిలో పట్టుకొచ్చి, కూర్చోకముందే మొదలుపెట్టింది. "మేడం, అర కిలో ప్యాకెట్ మీద కిలోగ్రామ్ అని ఉండాల్నా, కిలోగ్రామ్స్ అని ఉండాల్నా? ప్రెస్సాయన ఎస్ పెట్టాలె అంటుండు, మా ఆయన వద్దంటుండు. రెండు దినాల సంది ఇంట్ల గిదే లొల్లి." నాకు నవ్వొచ్చింది. నవ్వుకన్నా ముందు ప్రాణం లేచివచ్చింది. రిటైరయ్యాక ఇలాంటి సందేహం మోసుకుని మా గడప తొక్కేవాళ్లు ఎవరున్నారు? టీ పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ పిల్లను గంటసేపు కూర్చోబెట్టాను.

సగం అని మాటల్లో రాస్తే ఎస్ ఉండదని చెప్పాను. సున్నా పాయింట్ అయిదు అని అంకెల్లో రాస్తే ఎస్ పెట్టేవాళ్లే ఎక్కువని, అది కూడా వద్దనే పండితులు ఉన్నారని, వాళ్ల తగువు ఇప్పట్లో తెగదని చెప్పాను. కేజీ అని రెండక్షరాల్లో కుదించి రాస్తే మాత్రం ఎన్ని కిలోలైనా పక్కన ఎస్ తగిలించకూడదు. మన బియ్యం బస్తాల మీద, సిమెంటు బస్తాల మీద తగిలించేస్తారు, అది వేరే సంగతి. ఇంకో చిత్రం ఏమిటంటే, సున్నా కిలోలకు కూడా ఇంగ్లీషులో ఎస్ ఉంటుంది. డబ్బాలో ఒక్క గింజ లేకపోయినా అది బహువచనమే. ఒంటరిది ఒక్కటే, ఒకటి. "గట్లెందుకు మేడం?" అంది స్వప్న, కళ్లు పెద్దవి చేసి. నేను దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని, అయినా చెప్పలేకపోయాను. చివరికి అయిదు వందల గ్రాములని అంకెల్లో వేసి గొడవ వదిలించుకొమ్మన్నాను. ఆ పిల్ల సంతోషంగా వెళ్లిపోయింది. నేనే అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే ఆ ఎస్ కోసం నేను మొట్టమొదట తల బద్దలు కొట్టుకున్నది బోధన్‌లో, ఆడపిల్లల హాస్టల్లో, బియ్యం రిజిస్టరు మీద. ఆ రిజిస్టరు గుర్తొస్తే నర్సవ్వత్త గుర్తొస్తుంది. నర్సవ్వత్త గుర్తొస్తే ఆ పూటకి నాకు వేరే పని సాగదు.

నర్సవ్వత్త మా బాపుకు అక్క, నాకు మేనత్త. మాది మోస్రా. రెండెకరాల చెరుకు, ఎకరం వరి, ఒక బర్రె. ఊళ్లో బడి ఏడో తరగతితో అయిపోయింది. ఆపైన చదవాలంటే బోధన్ పోవాలి. ఆడపిల్లను ఊరు దాటించడమా అని బాపు మొండికేశాడు. అప్పటికి అత్త భర్త పోయి, బోధన్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. ఒకరోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది, చేతిసంచి కూడా కింద పెట్టకుండా వాకిట్లోనే నిలబడి అడిగింది. "ఏంరా తమ్మీ, నా కోడల్ని బర్ల కాడ ఉంచుతవా?" బాపు గొణిగాడు. "పోరి ఒక్కతే ఎట్లుంటదక్కా గాడ?" "నేను సచ్చిపోయిన్నా? నేను వండినంత కాలం అది గాడ తింటది, సదువుతది. నేను బయటికొచ్చిన్నాడు అది గూడ వస్తది. గప్పుడు నీ ఇష్టం." ఒప్పందం అదీ. అందుకే హాస్టల్లో నా చదువు ఆయుష్షు, ఆ వంటింట్లో అత్త కొలువు ఆయుష్షు ఒక్కటే అని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అత్తకూ తెలుసు.

బోధన్ అంటే నాకు ముందు వాసన. గానుగాట నడిచే నెలల్లో ఊరంతా మొలాసిస్ వాసన కమ్ముకునేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అది లేని రోజు ఏదో పండగ తప్పిపోయినట్టు ఉండేది. చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. బడికి పోతూ వెనకనుంచి గడలు గుంజడం మా నిత్యకృత్యం. బండివాళ్లు తిట్టేవారు కానీ దిగి తరిమేవారు కాదు. హాస్టల్ వంటింట్లో ఇంకో వాసన. అత్త ఎండిన చెరుకు ఆకుతో పొయ్యి అంటించేది, ఆ పొగ కొంచెం తియ్యగా ఉండేది. మేము పళ్లపొడి అరచేతిలో పోసుకుని వంటింటి మెట్ల మీద కూర్చునే వేళకి ఆమె స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, బియ్యం కొలవడానికి సిద్ధంగా ఉండేది. ఆ పని మాత్రం ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇత్తడి మానికతో కొలిచేది. మొదటి మానిక పోసేటప్పుడు ఒకటి అనేది కాదు. "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు, నాలుగు. మా వైపు గింజలు కొలిచే ఇళ్లలో అందరూ అంతే, మొదటి దాన్ని శుభంగా పిలుచుకుని ఆ తర్వాతే లెక్కలోకి దిగుతారు. చాలా ఏళ్ల తర్వాత, పిల్లలకు ఇంగ్లీషు ఏకవచనం చెబుతూ చెబుతూ నాకు హఠాత్తుగా తట్టింది. వాళ్లూ ఒకటిని పక్కన పెట్టారు, మనమూ పక్కనే పెట్టాం. వాళ్లు దానికి ఎస్ ఇవ్వలేదు, మనం దానికి అంకె ఇవ్వలేదు. ఒకటిని చూస్తే మనుషులకు ఎందుకు ఈ ప్రత్యేకం? ఇంకా ఉంది. మనం మానెడు అంటాం, సోలెడు, పిడికెడు, దోసెడు, మూరెడు అంటాం. ఒక అనే మాట పలకనక్కరలేదు, ఆ ఒకటి మాట కడుపులోనే ఉంది. అదే ఇంగ్లీషు ఫీట్ మన నోట్లో పడేసరికి ఫీట్లు అయింది. ఫుట్‌కు ఫీట్ అప్పటికే బహువచనం కదా అని మేస్త్రీలకు చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు. పది ఫీట్ల గోడను నేను ఏనాడూ ఒక ‘లు’ పీకి కురచ చేయలేకపోయాను.

నేను తొమ్మిదిలో ఉండగా విమల మేడం కొత్త వార్డెన్‌గా వచ్చింది. వేరే జిల్లా మనిషి. సన్నగా, గంజిపెట్టిన చీరలో ఎప్పుడూ నిటారుగా ఉండేది. పాత వార్డెన్ నెలకెన్ని బస్తాలు తెగాయో చూసుకుని ఊరుకునేది. ఈమెకు రోజువారీ లెక్క కావాలి, అదీ కిలోల్లో, అదీ ఇంగ్లీషులో, పైఆఫీసుకు చూపించడానికి. అత్తకు సంతకమే రాదు. "ఇంగ్లీషు బాగా రాసేది ఎవరు?" అని మేడం ప్రార్థనలో అడిగితే పిల్లలందరూ నావైపు తిరిగారు. ఆ క్షణం నేను పొంగిపోయిన తీరు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కొత్త రిజిస్టరు, ఎర్రంచు అట్ట, లోపల గీతల కాగితం. దానికి నేను పాత క్యాలెండరు కాగితం అట్ట వేసుకుని తలగడ పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని.

మానికలను కిలోలు చేయాలి. మానిక ఊరూరికీ కొంచెం తేడా. అందుకని మా మానికనే పట్టుకుని హాస్టల్ ఎదురు కిరాణా దుకాణానికి పోయాను. దుకాణం సేటు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాడు, మాతో సగం తెలుగు, సగం ఉర్దూ. బియ్యం నిండా పోశాడు, అరచేత్తో అంచు సమంగా గీశాడు, తక్కెట్లో పోసి తూచాడు. "దీడ్ కిలో. బరోబ్బర్," అన్నాడు. ఒకటిన్నర. నేను ఆ మాటకు అక్కడే చిక్కుకున్నాను. సేటు ఒకటిన్నరకు ఒకే మాట వాడాడు, దీడ్. ఉర్దూ సారు డేఢ్ అంటాడు. అది విడిగా ఒక అంకెలాగే వినిపిస్తుంది. మరి ఇంగ్లీషులో ఒకటిన్నర కిలోకు ఎస్ వస్తుందా రాదా? ఒకటి దాటింది, రెండు కాలేదు. దారంతా అదే ఆలోచన. బడిలో ఇంగ్లీషు చెప్పే మొయిన్ సారును వరండాలో పట్టుకుని అడిగాను. ఆయన పాన్ దవడకు నెట్టి, కాసేపు ఆలోచించాడు. "ఏక్ దాటిందా లేదా?" "దాటింది సార్." "ఎంత దాటిందో నీకెందుకు బేటీ? ఈగంత దాటినా ఎస్ కొట్టు, బస్." ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ పరీక్షలోనూ కలగలేదు.

అలా మొదలైంది. రోజూ పొద్దున అత్త కొలుస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. రెండు పూటలకూ కలిపి ఇరవై మానికలు. ఇరవైని ఒకటిన్నరతో హెచ్చించి ముప్పై కిలోగ్రామ్స్ అని రాసేదాన్ని. ఎవరైనా ఊరికి పోయి మానికలు తగ్గితే లెక్క మారేది, నాకు కొత్త సంబరం. ఉప్పు అర కిలో అయితే ఎస్ లేదు. నూనె రెండు లీటర్స్, ఎస్ ఉంది. చింతపండు ఒక కిలోగ్రామ్, లేదు. విమల మేడం సాయంత్రం పేజీ చూసి ఎర్ర ఇంకుతో సంతకం పెడుతూ "ఒక్క తప్పు లేదు సరళా" అనేది. ఆ మాట పట్టుకుని నేను ఆ సాయంత్రమంతా తేలుతూ తిరిగేదాన్ని. అత్త మాత్రం ఆ పుస్తకం వైపు దొంగచూపులు చూసేది. ఒకసారి అడిగింది. "గిండ్ల నా పేరున్నదా?" లేదన్నాను. "మరి నేను కొల్సింది ఎవరికి ఎర్క?" నేను నవ్వేశాను.

నెలాఖరు శనివారం నాడు మేడం స్టోరు తీయించి బస్తాలు లెక్కపెట్టించింది. క్వింటాలు బస్తాలవి. నా రిజిస్టరు ప్రకారం ఉండాల్సిన దానికన్నా బస్తాన్నర బియ్యం తక్కువ. మళ్లీ లెక్కపెట్టించింది. మళ్లీ అంతే. స్టోరు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది, పొద్దున బియ్యం తీసేది మాత్రం అత్త. మేడం చెడ్డ మనిషి కాదు. కానీ స్టోరులో తేడా వస్తే ముందు పోయేది తన ఉద్యోగం, ఆ భయం ఆమె మొహంలో కనిపించింది. అత్తను పిలిపించింది. "నర్సవ్వా, బియ్యం ఎటు పోతున్నాయి?" అత్తకు మొదట ప్రశ్నే అర్థం కాలేదు. "పిల్లల కడుపులకే పోతున్నయ్ మేడం." "అది కాదు. బస్తాన్నర లెక్కకు రావడం లేదు." అత్త కొంగు సవరించుకుంది. "నేను పిల్లల బువ్వల చెయ్యి పెట్టలె మేడం. నా మొగడు పోయిన్నాడు గూడ నేను ఒకరి గింజ ముట్టలె." మేడం తల దించుకుని, సోమవారం పైఆఫీసుకు కాగితం రాయక తప్పదని చెప్పింది. కాగితం పోతే అత్త కొలువు పోతుంది. అత్త ఆ గుమ్మం దాటితే నేనూ దాటాలి, మోస్రాకు, బర్రె దగ్గరికి. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది, దొంగ అనే మాట. అది అత్త వెంట ఊరిదాకా వస్తుంది.

ఆ సాయంత్రం నేను రిజిస్టరంతా మళ్లీ చూశాను. ప్రతి హెచ్చవేత, ప్రతి కూడిక. ఒక్క తప్పు లేదు. ప్రతి ఎస్ తన చోట తాను ఉంది. ఆదివారం పొద్దున యథాప్రకారం మెట్ల మీద కూర్చున్నాను. అత్త కళ్లు వాచి ఉన్నాయి, అయినా స్నానం చేసి వచ్చింది. మానిక బియ్యంలో ముంచి ఎత్తింది. "లాభం." నేను ఆ రోజు మొదటిసారి వినడం మాని చూశాను. మానిక అంచు మీద బియ్యం కుప్పగా నిలబడి ఉన్నాయి. గింజలు పక్కలకు జారుతున్నాయి, జారినవి జారగా ఆమె ఎడమచేతితో ఇంకో పిడికెడు పైన పెడుతోంది. సేటు అరచేత్తో గీసేశాడు. అత్త గీయలేదు. ఏనాడూ గీయలేదు. మా ఇంట్లో మా అవ్వ కూడా గీసేది కాదు. అమ్మేటప్పుడు, బదులిచ్చేటప్పుడు గీస్తారు. తినేవాళ్ల కోసం, అందులోనూ పిల్లల కోసం కొలిచేటప్పుడు మానిక మీద అరచెయ్యి గీయకూడదు, అది నోటి దగ్గరి ముద్ద లాక్కోవడమే అంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. చూసీ చూసీ అది నా కంటికి ఆనడం మానేసింది. బస్తాన్నర బియ్యం ఎక్కడికీ పోలేదు. రోజూ ఇరవై కుప్పలుగా మా కంచాల్లోకే వచ్చింది. నేను ఒకటిన్నర పక్కన ఎస్ ఉందా లేదా అని నెలంతా చూశాను, మానిక మీద ఏముందో చూడలేదు.

తెలిసిన వెంటనే లేచి మేడం గదికి పరిగెత్తాను అని రాయాలని ఉంది. పరిగెత్తలేదు. లేచి వెళ్లి నా తలగడ పక్కన కూర్చున్నాను. తప్పు నాదని చెప్తే రిజిస్టరు పోతుంది. ఒక్క తప్పు లేదు సరళా అన్న మాట పోతుంది. నేను తప్పు రాసినందుకు నన్నే పంపించేస్తే? బాపుకు ఏమని చెప్పాలి? ఇవన్నీ సాకులని అప్పుడే తెలుసు. అసలు సంగతి ఏమిటంటే, నాకు నా చేతిరాత మీద అత్త మీద కన్నా ఎక్కువ ప్రేమ ఉండింది. మధ్యాహ్నం మేడం ఇంకో ఇద్దరు పనివాళ్లను వెంటబెట్టుకుని వంటింటి పక్కన అత్త ఉండే గదికి వచ్చింది. పెట్టె తీసి చూపించమంది. మేమంతా గుమ్మం దగ్గర నిలబడ్డాం. రేకుపెట్టె. రెండు చీరలు, ఒక దువ్వెన, మామ ఫోటో, పాత గుడ్డలో చుట్టిన నా ఏడో తరగతి సర్టిఫికెట్. అత్త ఒక్కొక్కటీ తీసి చాప మీద పెట్టింది, సంతలో దుకాణం పరిచినట్టు. నేను మాట్లాడలేదు. ఆ పని ఆపడానికి నాకు ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నా నోట్లోనే ఉంది.

సోమవారం పొద్దున మేడం చేతిలో కవరుతో బయల్దేరుతుంటే గేటు దగ్గర అడ్డం నిలబడ్డాను. "మేడం, తప్పు రిజిస్టర్ల ఉన్నది." ఆమె విసుక్కుంది. "నేను మూడుసార్లు చూశాను. లెక్క సరిగ్గానే ఉంది." "లెక్కల లేదు మేడం. మానికల ఉన్నది." చెప్పాను. ఏడుస్తూ చెప్పానో, మామూలుగా చెప్పానో గుర్తులేదు. మేడం కవరు సంచీలో పెట్టి, సేటు దగ్గర్నుంచి తక్కెడ తెప్పించింది. అత్తకు ఎందుకో చెప్పకుండా, రోజూ కొలిచినట్టే కొలవమంది. అత్త లాభం అంటూ ముంచింది, పైన పిడికెడు పెట్టింది. తక్కెడ వెంట వచ్చిన సేటు తూచి, "పౌనే దోన్," అన్నాడు. పావు తక్కువ రెండు కిలోలు. మానికకు పావు కిలో, రోజుకు అయిదు, నెలకు నూట యాభై. బస్తాన్నర. మేడం కాగితం మీద ఆ హెచ్చవేత వేసుకుని, కుర్చీలోంచి లేచింది. పిల్లలందరి ముందూ అంది. "నర్సవ్వా, నాది తప్పు. నీ పెట్టె తీయించి ఉండకూడదు." అత్త మానిక కడుగుతూ అంది. "పెట్టెల ఏమున్నది మేడం, రెండు చీరలేనాయె."

అంతటితో అయిపోతే బాగుండేది. మేడం ఇకనుంచి మానిక గీసి కొలవమంది. అత్త అప్పటిదాకా గొంతెత్తలేదు, అప్పుడు ఎత్తింది. "గీకితే పిల్లలకు కడుపు నిండది మేడం. నాకు గీకొస్తలేదు. నా చెయ్యి గట్ల పోదు. మీరే మీ పుస్తకంల మానికను జర పెద్దగ రాసుకోండ్రి." పనివాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మేడం నవ్వాలా కోప్పడాలా అని కాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి రిజిస్టరు నా చేతికే ఇచ్చి, మానిక బరువు కొట్టేసి కొత్తది రాయమంది. ఒకటి పాయింట్ ఏడు అయిదు కిలోగ్రామ్స్ అని రాశాను. ఎస్ పెట్టాను కానీ ఆ రోజు దాని వైపు చూడబుద్ధి కాలేదు.

నేను బోధన్‌లోనే పదో తరగతి పూర్తిచేశాను, తర్వాత నిజామాబాద్ వచ్చాను, ఆ తర్వాత నా బతుకంతా ఇంగ్లీషు పాఠాలతోనే గడిచింది. ఇప్పుడు బస్సులో బోధన్ మీదుగా పోతే ఏ వాసనా రాదు. ఫ్యాక్టరీ గొట్టంలో పొగ లేదు. చెరుకు మడుల్లో వరి, సోయా కనిపిస్తున్నాయి. కిటికీ దగ్గర కూర్చున్న కుర్రకారుకు ఇక్కడ ఒకప్పుడు గాలే తియ్యగా ఉండేదని చెబితే ఫోన్‌లోంచి తల ఎత్తరు. మా ఇంట్లో బియ్యం కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో కొలుస్తాం, దాని మీద గీతలున్నాయి. మా కోడలు గీత దాకా పోసి, గింజ ఎక్కువైతే వేలితో వెనక్కి తీస్తుంది. తప్పేం లేదు, అన్నం మిగలదు, వృథా కాదు, నా షుగరుకూ అదే మంచిది. అయినా ఇంట్లో ఎవరైనా మానెడు అని నాలుగేళ్లయిందేమో. ఇంగ్లీషు నాకు ఇచ్చిన వింతల్లో ఒకదాన్ని మాత్రం నేను ఇష్టంగా దాచుకున్నాను. పది కిలోల బియ్యం చాలు అనాలంటే, కిలోలకు ఎస్ పెట్టి, ఆ వెంటనే వాటన్నిటినీ ఒక్కటిగా చూసి ఏకవచనపు క్రియ వేస్తారు. లెక్క కోసం విడగొట్టి, తినేటప్పుడు మళ్లీ ఒకే రాశిగా పోస్తారన్నమాట. ఇది చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒక పిల్ల మొహం వెలిగేది. ఆ ఒక్క మొహం కోసం నేను ఏటేటా చెప్పాను.

అత్త ముసలితనంలో కొన్నాళ్లు నా దగ్గర నిజామాబాద్‌లో ఉంది. చూపు సన్నగిల్లింది కానీ చేతులు ఊరుకునేవి కావు. ఒక సాయంత్రం ఇద్దరం వెనక వరండాలో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాం. ఏం ప్రేరేపించిందో తెలియదు, నోరు తెరిచాను. "అత్తా, హాస్టల్ల బియ్యం లొల్లి యాదికున్నదా? కుప్ప సంగతి నాకు సోమవారం కాదు, ఆదివారం పొద్దుగాలనే తెల్సింది. నీ పెట్టె తీసినప్పుడు నాకు ఎర్కనే." ముప్పై ఏళ్లు మోసిన మాట అది. ఆమె ఒలుస్తున్న చెయ్యి ఆగలేదు.

"నాకెర్కే," అంది.

"నీకెట్ల ఎర్క?"

"గా దినం నువ్వు రెండు పూటలు బువ్వ తినలె. దొంగతనం పడ్డది నా మీద, బువ్వ ముట్టంది నువ్వు. వండి పెట్టేదాన్ని, నాకు తెల్వదా ఎవరు తిన్నరో, ఎవరు తినలేదో?"

"మరి నన్నెందుకు అడగలె? కుప్ప పెడ్తున్నవని మేడంకు నువ్వే చెప్పొచ్చు గద."

"కుప్ప తప్పని నాకేం ఎర్క బిడ్డా? నీ పుస్తకంల ఏదో ఉన్నదని మాత్రం ఎర్కయింది. నేను గా మాట అంటే మేడం నీ చేతులకెల్లి పుస్తకం గుంజుకుంటుండె. నువ్వే చెప్తవని ఊకున్న."

గిన్నెలో గింజలు పడుతున్న చప్పుడే వినిపిస్తోంది. నేను చెప్పకపోయుంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అయినా అడగకుండా ఉండలేకపోయాను. "నేను చెప్పకపోతే ఎట్ల అని నీకు భయం కాలేదా అత్తా?"

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. కాలేదనే అంటుందని నా అంచనా. మా ఇంట్లో నర్సవ్వత్త దేనికీ భయపడని మనిషి. ఆమె నా వైపు తిరిగింది, సరిగా కనపడని కళ్లతో నా మొహం ఎక్కడుందో వెతుక్కుంది.

"అయింది బిడ్డా," అంది. "మస్తు భయమైంది."